తిరిగే శిలాఫలకం

పోటీ పడటం పర్యావరణానికి హానికరమని ప్రభుత్వం వారు కనిపెట్టిన ఏడాదే పైడిరాజు భార్యనూ కూతుర్నీ పలాసలో వదిలి సీమకు వచ్చి పడ్డాడు.

ఆ కనిపెట్టడం వెనక చాలా శ్రమ ఉంది. ఒక అధ్యయన బృందం చల్లటి దేశాలన్నీ తిరిగొచ్చింది. డిజైన్ పోటీలో ఓడిన ఆర్కిటెక్టులు కోర్టుకెక్కుతారు, కోర్టుకు కాగితాలు కావాలి, కాగితాలకు చెట్లు కావాలి, కాబట్టి మన అడవుల్ని మింగేస్తున్నది పోటీయేనని తేల్చింది. దాంతో కొత్త జీవో వచ్చింది. ఇకమీదట హరిత భవనాల డిజైన్ పోటీలో ముందు నిలిచిన రెండు సంస్థలూ కలిసే ఆ భవనం కట్టాలి. కలిసి కడుతున్నప్పుడు ఎవరి మనసూ చివుక్కుమనకుండా ఏడో నిబంధన కూడా చేర్చారు. "ప్రాజెక్టునందు సహకరించిన ఏ ఒక్కరి పేరును గాని మరొకరి పేరు కంటె ముందుగా, పైగా, పెద్దదిగా, లేదా మొదట కంటబడు విధముగా ఏ కాగితముపైనను, బోర్డుపైనను, ఫలకముపైనను ప్రదర్శించరాదు." దీనికి సమాన గౌరవ నిబంధన అని పేరు. రాసినాయన ఎవరో గానీ, రాసేసి హాయిగా రిటైరైపోయాడు.

పైడిరాజు పనిచేసేది సుస్థిర నిర్మాణ ప్రోత్సాహక సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో. ఎండాకాలంలో ఇల్లు చల్లగా ఉండేలా ఎలా కట్టుకోవాలో ప్రజలకు బోధించడం ఆ సంస్థ పని. బోధన జరిగేది మాత్రం ఒక సినిమా హాలు వెనక, రేకుల షెడ్డులో. మే నెలలో గుమాస్తాలు తడి తువ్వాళ్ళు నెత్తిన కప్పుకుని ఫైళ్ళు రాసేవారు. అందుకని సంస్థకే ఒక ఆదర్శ హరిత భవనం కట్టాలని నిర్ణయమైంది. ఆ పనికి అసిస్టెంట్ ఇంజనీరు పైడిరాజే.

అతనికి కావలసింది ఒక్కటే. సుగుణ పలాస దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరు. కూతురు మూడో తరగతి. వాళ్ళ దగ్గరికి ఒకసారి పోయి రావాలంటే సెలవంతా రైల్లోనే కరిగిపోతుంది. పైడిరాజు బదిలీ అర్జీ పట్టుకెళ్ళినప్పుడల్లా డైరెక్టరు వాచస్పతి గారు దాన్ని రెండు చేతులా అందుకుని అదే మాట చెప్పేవారు.

"భవనము పూర్తి అయిన మరుక్షణము, పైడిరాజు గారూ, మీ బదిలీ పత్రముపై నా సంతకము పడును. అంతవరకు మీ వంటి వినయశీలిని వదులుకొనుట సంస్థకు తీరని లోటు."

వినయం లేనివాళ్ళ విషయం వేరు. డైరెక్టరుగారికి కోపం వస్తే ఎవరినైనా సరే పలాస ఉపకార్యాలయానికి పంపేస్తారు. ఆయన దృష్టిలో భూమి అక్కడితో ఆఖరు. పైడిరాజుకు ముందు ఈ సీట్లో ఉన్న సుబ్బరాయుడనే కడపాయన, షెడ్డులో ఫ్యాను ఎందుకు తిరగడం లేదని మీటింగులో అడిగాడు. ఇప్పుడు సుగుణ ఉండే వీధిలోనే అద్దెకుంటూ, ముసురు పట్టినప్పుడల్లా రాగిసంగటిని తలుచుకుని దిగులు పడుతున్నాడు. అడిగినవాడికి ఇవ్వనిది, వద్దన్నవాడి నెత్తిన పెట్టడం ఆ కార్యాలయంలో ఒక పద్ధతి.

భవనం పోటీలో ముందు నిలిచిన సంస్థలు రెండు. ఒకటి హైమవతి గారి 'మృత్తిక', రెండోది నీలాద్రి గారి 'స్ఫటిక'. ఆవిడ మట్టి, సున్నం తప్ప మరొకటి ముట్టదు. ఆయన అద్దాలు, సెన్సార్లు తప్ప మరొకటి మాట్లాడడు. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు. ఆ ఏడాది బంగారు పతకం ఒకరికే వచ్చింది, ఎవరికి రావలసిందన్న దానిమీద ఈనాటికీ రాజీ లేదు. ఆయన కట్టిన ఆఫీసులో అప్పడాలు కాల్చుకోవచ్చని ఆవిడ ఒక సభలో అంది. ఆవిడ కట్టిన స్కూలుకు గొడుగు పట్టాలని ఆయన మరో సభలో అన్నాడు. మొహాలు చూసుకుని ఏళ్ళయింది. వీళ్ళిద్దరితో కలిపి భవనం కట్టించాలని తెలిసిన రోజున పైడిరాజు తన రిటైర్మెంటు ఏ ఊళ్ళో అవుతుందో ఊహించుకుని నీరసపడిపోయాడు.

మొదటి సమావేశానికి ఇద్దరూ ఒకేసారి కార్లు దిగారు. అటెండరు ఓబులేసు తలుపు దగ్గర నిలబడి వెనక్కి తిరిగాడు.

"తలుపు ఒక్కటే ఉండాది సార్. ఇద్దురూ ఒక్కతూరి యెట్ల పడ్తారు?"

డైరెక్టరుగారు జీవో తిరగేశారు. పేరు ముందుండకూడదన్నప్పుడు మనిషి ముందుండటం మరింత నేరమన్నారు. "పార్శ్వముగా ప్రవేశపెట్టుము" అన్నారు.

అంటే పక్కకు తిరిగి రమ్మని. షెడ్డు తలుపు సన్నం. ఇద్దరికీ వయసుకు తగ్గ పొట్టలు. ఒకరికొకరు ఎదురుగా తిరిగి, ఊపిరి బిగబట్టి, పీతల్లా అడుగులు వేస్తూ సరిగ్గా గడప మీద ఇరుక్కున్నారు. అన్నేళ్ళ తర్వాత మొహంలో మొహం పెట్టి చూసుకోక తప్పలేదు. ముందు హైమవతి పెదవి వణికింది. తర్వాత నీలాద్రి భుజాలు ఊగాయి. ఓబులేసు వెనకనుంచి ఒక్క తోపు తోసేసరికి ఇద్దరూ పగలబడి నవ్వుతూ లోపలికి వచ్చి పడ్డారు.

"నీకీ పొట్టెప్పుడొచ్చింది నీలూ?"

"నీ స్కూలు కూలుతుందేమోనన్న బెంగతో వచ్చింది హైమా."

ఆ మధ్యాహ్నం జరిగింది చూసి పైడిరాజుకు కళ్ళు చెమర్చాయి. ఇద్దరూ ఒక కాగితం మీదకు వంగారు. ఓబులేసు తెచ్చిన టీ చల్లారిపోయింది, మళ్ళీ తెచ్చాడు, అదీ చల్లారిపోయింది. పడమటి ఎండ తగలకుండా ఆవిడ మందపాటి మట్టిగోడ గీసింది. ఆ గోడకు ఎదురుగా ఉత్తరపు వెలుతురు వచ్చేలా ఆయన అద్దాలు పెట్టాడు. మధ్యలో ముంగిలి, వేడిగాలి పైకి పోయేందుకు ఒక ఎత్తైన గూడు. ఒకరు గీత మొదలుపెడితే ఇంకొకరు ముగించారు. ఇన్నేళ్ళ సర్వీసులో అంత మంచి ప్లాను పైడిరాజు చూడలేదు. వచ్చే ఎండాకాలానికి పలాసలో ఉంటానని ఆ క్షణంలో గట్టిగా నమ్మాడు.

"కింద నీ పేరే ముందు రాసుకో" అంది హైమవతి.

"అదేం కుదరదు. ఆలోచన నీది, నీదే ముందు" అన్నాడు నీలాద్రి.

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "క్షమించవలెను. ఔదార్యమునకు ఈ జీవోలో అవకాశము లేదు."

"మాకు అభ్యంతరం లేదండీ" అన్నారు ఇద్దరూ.

"మీకు లేకపోవచ్చును. నిబంధనకు ఉన్నది."

అప్పటినుంచి ప్రతి డ్రాయింగూ రెండేసి ప్రతులు తీయవలసి వచ్చింది. ఒకదాంట్లో మృత్తిక ముందు, ఒకదాంట్లో స్ఫటిక ముందు. రెండు ప్రతుల్లో ఏది పైన పెట్టాలన్న ప్రశ్న రావడంతో రెండు బల్లలు వేశారు. చెట్లు కాపాడటానికి పుట్టిన భవనం పునాది తవ్వకముందే ఒక బీరువా నిండా కాగితం తినేసింది.

అసలు చిక్కు శిలాఫలకంతో వచ్చింది. శిలాఫలకం వేసి, మంత్రిగారు దాని ముందు కొబ్బరికాయ కొడితే తప్ప మన దేశంలో గునపం కూడా నేలలో దిగదు. దాని మీద మంత్రిగారు, డైరెక్టరుగారు, రెండు సంస్థలు, మొత్తం నాలుగు పేర్లుండాలి.

పక్కపక్కన చెక్కితే ఎడమవైపుది ముందు చదువుతారు. కిందా పైనా చెక్కే మాటే లేదు. రాయికి అటూ ఇటూ చెక్కితే మంత్రిగారు ఎటువైపు నిలబడితే అటుది ముందు కంటబడుతుంది. గుండ్రటి స్తంభం చేసి చుట్టూ చెక్కుదామని పైడిరాజు అన్నాడు. డైరెక్టరుగారు మెచ్చుకున్నారు. స్తంభం నిలబెట్టి చూస్తే గేటులోంచి వచ్చేవాడికి గేటు వైపున్న పేరే మొదట కనబడుతోంది.

"స్తంభము భ్రమించవలెను" అన్నారు డైరెక్టరుగారు.

అలా శిలాఫలకానికి మోటారు పెట్టారు. నెమ్మదిగా, పెళ్ళికూతురు నడిచినంత నిదానంగా తిరుగుతుంది. అందరి పేర్లకూ గేటు ముందు సమానమైన సమయం దక్కుతుంది. కానీ కరెంటు పోతే? పోయినప్పుడు గేటు వైపున్న పేరు, వచ్చేదాకా అక్కడే ఉండిపోతుంది. కాబట్టి బ్యాటరీలు కావాలి, వాటికి సోలార్ పలకలు కావాలి, పలకలకు ఒక కప్పు కావాలి.

అక్కడే హైమవతి నీలాద్రి వంక ఒక చూపు చూసింది. ఆ చూపు పైడిరాజు కూడా చూశాడు.

"డైరెక్టరుగారూ, బ్యాటరీలు వేడెక్కితే రాయి ఆగిపోతుందండీ" అంది ఆవిడ చాలా విచారంగా. "పడమర వైపు మందంగా ఒక మట్టిగోడ ఉంటే వాటికి చల్లగా ఉంటుంది."

"గోడ కడితే రాయి చీకట్లో పడుతుంది" అన్నాడు నీలాద్రి. "ఉత్తరం వైపు అద్దాలు తప్పవు. వేడిగాలి పోవడానికి పైన ఒక గూడు కూడా ఉండాలి."

"రాయిని చూడటానికి వచ్చినవాళ్ళు కూర్చోవాలి కదండీ" అన్నాడు పైడిరాజు.

డైరెక్టరుగారు కళ్ళు మూసుకుని ఆలోచించి, "ఫలక శ్రేయస్సు దృష్ట్యా ఆమోదించడమైనది" అన్నారు.

ఇక చూసుకోండి. మొదటి మధ్యాహ్నం గీసిన భవనం మొత్తం, గోడ వెంబడి గోడగా, ఆ రాయి చుట్టూ లేచింది. ఎస్టిమేట్లలో ఒక్క గదికీ గది అని పేరు లేదు. గుమాస్తాల హాలు ఫలక సందర్శకుల విశ్రాంతి మందిరం. డైరెక్టరుగారి ఛాంబరు ఫలక పర్యవేక్షణ కక్ష్య. మరుగుదొడ్లను ఏమని చూపాలో తోచక పైడిరాజు తల పట్టుకుంటే, ఓబులేసు వచ్చి "రాయి చూసేకొచ్చినోళ్ళకు అక్కర ఉండదా సార్?" అన్నాడు. అవీ అలాగే మంజూరయ్యాయి.

పనులు పూర్తయ్యాయి. మంత్రిగారు వచ్చి కొబ్బరికాయ కొట్టారు. బయట నిప్పులు చెరుగుతున్న ఎండ, లోపల కుండలో నీళ్ళంత చల్లదనం. మంత్రిగారు వెళ్ళబుద్ధి కాక అక్కడే ఒక కునుకు తీశారు. హరిత భవనాలకు మార్కులు వేసేవాళ్ళు వచ్చి, పగటిపూట ఈ ఆవరణలో కరెంటు తినేది తిరిగే రాయి ఒక్కటేనని రాసి, మార్కులన్నీ వేసి వెళ్ళారు. గుమాస్తాలు తడి తువ్వాళ్ళు ఆరేసుకున్నారు. హైమవతి, నీలాద్రి ఇద్దరూ ఒకే కారులో వచ్చి ఒకే కారులో వెళ్ళారు.

మర్నాడు పైడిరాజు తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బదిలీ అర్జీ పట్టుకుని ఫలక పర్యవేక్షణ కక్ష్యలోకి వెళ్ళాడు.

"భవనం పూర్తయింది సార్."

డైరెక్టరుగారు ఆశ్చర్యంగా చూశారు. "ఏ భవనము?"

"మనం కూర్చున్నదే సార్."

"ఇది శిలాఫలకము, పైడిరాజు గారూ." ఆయన గొంతులో జాలి ఉంది. "రికార్డుల ప్రకారము శంకుస్థాపన ఘట్టము దిగ్విజయముగా ముగిసినది. భవన నిర్మాణము ఇంకను ప్రారంభము కావలసి ఉన్నది. ఈ స్థలమంతయు ఫలకమే ఆక్రమించినందున ముందుగా స్థలసేకరణ జరుగవలెను. అది మీ చేతుల మీదుగానే జరుగవలెనని నా ఆకాంక్ష."

పైడిరాజు బయటికొచ్చి ముంగిట్లో అరుగు మీద కూలబడ్డాడు. రాయి తన మానాన తను తిరుగుతోంది. తెలివి చూపించి తను తవ్విన గోతిలో తనే పడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చాడు. తర్వాత సుగుణకు ఫోన్ చేశాడు.

"ఏటండీ, గొంతలగుందేటి?"

జరిగిందంతా చెప్పాడు. సుగుణ లెక్కల టీచరు కదా, లెక్క వేసింది.

"మీ సారుకి కోపమొస్తే మనుషుల్ని ఎక్కడికి తోలేస్తాడు?"

"మన ఊరికే."

"సుబ్బరాయుడు గారు బతిమాలేరా ఇక్కడికి రావడానికి?"

"లేదు."

"మరింకేటి ఆలోచన? ఇన్నాళ్ళూ వినయంగా ఉండి ఏటి బావుకున్నారు? ఓసారి కోపం తెప్పించండి."

పైడిరాజుకు ఇంతకాలం ఈ మాట తట్టలేదంటే అతను పెరిగిన తీరు అలాంటిది. మర్నాటినుంచి పట్టుదలగా ప్రయత్నించాడు. మధ్యాహ్నం దాటాక ఆఫీసుకు వచ్చాడు. క్షేత్ర పరిశీలనకు వెళ్ళి ఉంటారని డైరెక్టరుగారు మెచ్చుకున్నారు. మీటింగులో ఆయన మాటకు అడ్డం తగిలాడు. నిర్భయముగా సూచనలిచ్చు ఉద్యోగి అని మినిట్స్‌లో రాయించారు. చివరికి తెగించి ఆయన కుర్చీలోనే కూర్చున్నాడు. సమాన గౌరవ స్ఫూర్తి మీలో ఇంకినది అంటూ ఆయన భుజం తట్టారు. కోపం అనేది రావలసినప్పుడు ఇంత పిసినారితనం చేస్తుందని పైడిరాజు ఎరగడు.

అలాంటి ఒక ఉదయం అతను అరుగు మీద కూర్చుని ఉండగా డైరెక్టరుగారు వచ్చారు. నేరుగా లోపలికి పోలేదు. రాయి ముందు ఆగారు. మంత్రిగారి పేరు వెళ్ళింది, మృత్తిక వెళ్ళింది, స్ఫటిక వెళ్ళింది. ఆయన పేరు వచ్చింది. చొక్కా సర్దుకుని, తనకు తనే నమస్కారం అందుకున్నట్టు తల పంకించి లోపలికి వెళ్ళారు.

"దినామూ ఇంతే సార్" అన్నాడు ఓబులేసు. "ఆయప్ప పేరు వచ్చేదంక గడప తొక్కడు."

పైడిరాజు చటుక్కున లేచాడు. లోపలికి పోయి జీవో తీసి ఏడో నిబంధన మళ్ళీ చదివాడు. సహకరించిన ఏ ఒక్కరి పేరును గాని. అందులో హోదా మాట ఎక్కడా లేదు. వెంటనే చాలా వినయంగా ఒక నోటు పెట్టాడు. తాను ఈ ప్రాజెక్టులో మొదటినుంచీ సహకరించాననీ, ఫలకం మీద ఉన్న పేరు, లేని పేరు కంటే మొదట కంటబడుతుందనీ, ఇది నిబంధనకు విరుద్ధమనీ, కావున అసిస్టెంట్ ఇంజనీరు పేరును మంత్రిగారి పేరు, డైరెక్టరుగారి పేరు అంత సైజులో, వాటితో పాటే చెక్కించవలసిందనీ రాశాడు. ఒక ప్రతి హెడ్డాఫీసుకు కూడా పంపాడు.

"నా పేరు గూడ యేపిస్తావా సార్?" అన్నాడు ఓబులేసు ఆశగా.

"వద్దు ఓబులేసూ. నిన్ను కూడా పలాస పంపించేస్తారు."

హెడ్డాఫీసు న్యాయ సలహాదారు తలా తోకా వెతికి, నోటు సరిగానే ఉందని తేల్చాడు. పేర్లు మళ్ళీ సమానంగా పంచకపోతే ఫలకం చెల్లదు, ఫలకం చెల్లకపోతే దాని అనుబంధ నిర్మాణాలన్నీ కూల్చాలి. వెంటనే శిల్పి వచ్చి, పాత అక్షరాలు అరగదీసి, రాయి చుట్టూ అయిదు సమభాగాలు గీశాడు. నాలుగు పేర్లు చెక్కడం అయ్యింది. అయిదోది చెక్కబోతుండగా డైరెక్టరుగారు బయటికొచ్చి చూశారు. తన పేరు మునుపటి కంటే ఇరుకైంది. దాని పక్కనే, అంతే జాగాలో, పైడిరాజు రాబోతున్నాడు.

అప్పుడు వచ్చింది కోపం. ఆయన గ్రాంథికం కూడా మర్చిపోయారు.

"ఏమిటయ్యా ఇది? నా పక్కన నువ్వా?"

"సమాన గౌరవం సార్" అన్నాడు పైడిరాజు తల వంచుకుని. తల ఎత్తితే మొహం చూసేస్తారని భయం.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. సహకరించినవాడి పేరు చెక్కక తప్పదు కాబట్టి, పైడిరాజు సహకరించలేదని తేల్చడమే అందులో ముఖ్యాంశం. "సదరు ఉద్యోగి యందు సహకార గుణము బొత్తిగా లోపించినట్లు రుజువైనందున, శిక్షాచర్యగా పలాస ఉపకార్యాలయమునకు తక్షణము బదిలీ చేయడమైనది. అచ్చటి సుబ్బరాయుడు ఇచ్చటికి రావలెను." పైడిరాజు ఉత్తర్వు అందుకుని, గేటు దాటేదాకా మొహం గంటు పెట్టుకునే నడిచాడు. ఆ కాసేపూ అతని సర్వీసులో అన్నిటికంటే కష్టమైన పని.

రాయి మీద అయిదో భాగం ఖాళీగా మిగిలిపోయింది. మిగతా పేర్లను వెడల్పు చేసి దాన్ని పూడ్చమని డైరెక్టరుగారు ఆదేశించారు. హైమవతి, నీలాద్రి ఇద్దరూ కలిసి వచ్చి చాలా మర్యాదగా అడిగారట, ఎవరి పేరు ముందు వెడల్పు చేద్దామండీ అని. దాంతో ఆ ఫైలు అక్కడే ఆగింది. డైరెక్టరుగారు ఇప్పటికీ ప్రతి ఉదయం రాయి ముందు నిలబడతారనీ, ఆయన పేరుకు ముందు ఆ ఖాళీ జాగా తీరిగ్గా, ఏమీ తొందర లేకుండా, గేటు ముందునుంచి వెళ్ళేదాకా ఎదురుచూస్తారనీ సుబ్బరాయుడు ఫోన్లో చెప్పాడు. నోట్లో సంగటి ముద్ద ఉండటంతో మిగతాది సరిగ్గా వినబడలేదు.

బదిలీ ఉత్తర్వును సుగుణ ఫ్రేము కట్టించి వంటింటి గోడకు తగిలించింది. ఆదివారం పూట కూరలు తరిగిపెట్టమంటే పైడిరాజు పేపరు అడ్డం పెట్టుకున్నప్పుడల్లా, కూతురు కుర్చీ ఎక్కి ఆ ఉత్తర్వును గట్టిగా చదువుతుంది. సహకార గుణము బొత్తిగా లోపించినట్లు అన్న చోట ఆగి, తండ్రి వంక చూస్తుంది. ఆ ఒక్క విషయంలో ప్రభుత్వం వారు బాగా విచారించే రాశారని సుగుణ అభిప్రాయం.